గణితక్షేత్రము, వరిక్షేత్రము

తెలుగులో క్షేత్రమను మాటకు పొలమని ఒక అర్థము, పుణ్యస్థలమని మరియొక అర్థము. ఆధునిక గణితమును తెలుగు చేసినవారు దీనికి మూడవ అర్థమును చేర్చినారు. కూడుట, తీసివేయుట, గుణించుట, సున్న తప్ప తక్కినవానితో భాగించుట అను నాలుగు పనులును ఏ సంఖ్యల సముదాయములో నిరాటంకముగ సాగునో దానికి బీజగణితములో క్షేత్రమని పేరు. మొదటి అర్థమునకును మూడవ అర్థమునకును పేరులోని పోలిక తప్ప వేరు సంబంధము లేదని నిఘంటుకారుడు తలచినచో అతనిని తప్పు పట్టరాదు. గణితవేత్తలే నూరేండ్లకు పైగా అట్లు తలచినారు. ఆ రెండు క్షేత్రములును ఎదురుపడిన నగరము కలకత్తా. 2001 నుండి దీనికి కోల్‌కత అని అధికారనామము. అవి కలిసిన కాలము సుమారు 1932 మొదలు 1949 వరకు. ఆ కలయికలో ఒక తెలుగు యువకునికి గూడ ముఖ్యమైన పాత్ర ఉన్నది.

అమూర్తగణితమును గూర్చి పరిశోధకులలో చిరకాలముగ రెండు అభిప్రాయములున్నవి. ఇంద్రియములకు గోచరించు వస్తువులతో ప్రసక్తి లేక, కేవలము నియమముల నుండి నియమములను సాధించు గణితమే ఉత్తమోత్తమమనియు, దాని నిరుపయోగమే దాని పావిత్ర్యమనియు ఒక పక్షము. కేంబ్రిడ్జి ఆచార్యుడు, రామానుజన్ ప్రతిభను గుర్తించిన జి. హెచ్. హార్డీ 1940లో ప్రకటించిన చిన్న గ్రంథములో ఈ పక్షమునే సమర్థించినాడు. అట్టి గణితము చదరంగము వంటి వినోదమనియు, దేశమునకు దాని వలన ప్రయోజనము లేదనియు రెండవ పక్షము. చూడగా ఈ రెండును పరస్పర విరుద్ధములు. కాని రెండింటికిని ఆధారమైన నమ్మకము ఒక్కటే. ఉపయోగమో నిరుపయోగమో శాస్త్రశాఖ యొక్క స్వభావములోనే నిర్ణీతమై ఉన్నదని ఇరుపక్షములును నమ్మినవి. ఆ నమ్మకము ఎంత నిలుచునో కలకత్తా చరిత్ర తెలుపుచున్నది.

మొదట ఆ గణితము ఎట్టిదో చూడవలెను. తెలుగు కవికి అది పూర్తిగ అపరిచితము కాదు. ఛందస్సులో అక్షరములన్నియు గురువులో లఘువులో అయి తీరవలెను. మూడేసి అక్షరములను ప్రస్తరించినచో ఎనిమిది గణములు ఏర్పడును. మగణము మూడు గురువులు. నగణము మూడు లఘువులు. యగణము లగగ, రగణము గలగ, తగణము గగల, భగణము గలల, జగణము లగల, సగణము లలగ. ఇప్పుడు గురులఘువులకు ఒక కూడికను కల్పింతము. గురువునకు గురువు చేరినచో గురువు. గురువునకు లఘువు చేరినచో లఘువు. లఘువునకు లఘువు చేరినచో గురువు. రెండు లఘువులు ఒక గురువగుట మాత్రాచ్ఛందస్సు ఎరిగిన చెవికి వింత కాదు. గురువును గురువును కలిసి గురువే అగుట మాత్రము ఛందస్సులో లేని నియమము. ఇందు గురువు సున్న వలె పనిచేయుచున్నది. ఈ కూడికకు తగిన గుణకారమును గూడ చేర్చినచో, రెండే రెండు అంకెలు గల క్షేత్రము సిద్ధించును. ఇట్లే మూడు, నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అంకెలతో క్షేత్రములు కలవు. ఆరు అంకెలతో లేదు, పది అంకెలతో లేదు. ఒక ప్రధానసంఖ్యను దానితోనే ఎన్నిమార్లైన గుణింపగా వచ్చు సంఖ్యలకు మాత్రమే ఇట్టి క్షేత్రము లభించును.

వీనిని కనుగొన్నవాడు ఫ్రాన్సు దేశపు ఎవరిస్ట్ గాల్వా. 1830లో ఈ విషయమును ప్రకటించి, 1832లో ద్వంద్వయుద్ధమున గాయపడి ఇరువదియేండ్ల ప్రాయములోనే మరణించినాడు. పరిమితమైన అంకెలు గల ప్రతి క్షేత్రమును గాల్వా చెప్పినట్టిదే అని 1893లో అమెరికా పండితుడు ఇ. హెచ్. మూర్ నిరూపించినాడు. 1906లో వెబ్లెన్, బస్సీ అనువారు ఆ అంకెలతో పరిమిత రేఖాగణితమును నిర్మించినారు. అందు బిందువులు లెక్కకు వచ్చును. రేఖలు లెక్కకు వచ్చును. రేఖ మీద రెండు బిందువుల నడుమ ఏమియు ఉండదు. కొలుచుటకు దూరము లేదు, గీయుటకు కాగితము చాలదు. ఇంతకంటె లోకమునకు దూరమైన గణితమును ఊహించుట కష్టము.

కలకత్తాలో గణితమునకు అప్పటికే మంచి పునాది ఉండెను. ఆశుతోష ముఖర్జీ ప్రోద్బలమున 1908లో కలకత్తా గణిత సంఘము వెలసినది. విశ్వవిద్యాలయమున హార్డింజ్ ఆచార్యపీఠము ఏర్పడినది. శ్యామదాస్ ముఖోపాధ్యాయ రేఖాగణితములో కీర్తి గడించినారు. కాని బ్రిటిషు పాఠ్యక్రమమును అనుసరించిన ఆనాటి మన విశ్వవిద్యాలయములలో బీజగణితమనగా సమీకరణములను సాధించు విద్యయే. సమూహములు, క్షేత్రములు మొదలగు అమూర్తభావములకు తరగతిగదులలో దాదాపు చోటు లేదు.

శ్యామదాసుగారి శిష్యులలో రాజచంద్ర బోస్ ఒకరు. 1901లో జన్మించి, రోహతక్‌లో పెరిగి, ఢిల్లీలో చదివి, రేఖాగణితము మీది మక్కువతో కలకత్తా చేరినారు. ఆశుతోష్ కళాశాలలో స్వల్పవేతనమునకు పాఠములు చెప్పుచుండిరి. అదే నగరమున ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ తన ప్రయోగశాల మూలలో గణాంకముల పని ప్రారంభించి, 1931 డిసెంబరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించినారు. మనుష్యసమూహముల శరీరప్రమాణములలోని భేదమును ఒక దూరముగ కొలుచు పద్ధతిని ఆయన రూపొందించినారు. దానికి బహుపరిమాణముల రేఖాగణితము అవసరమైనది. ఆ పనికై 1932 డిసెంబరులో బోసును పిలిచినారు. బోసుకు గణాంకశాస్త్రము తెలియదు. మహలనోబిసుకు కావలసినది ఆయన రేఖాగణితము మాత్రమే. తెలియని విద్యను అక్కడనే నేర్చుకొనవచ్చునని పుస్తకములు చేతికిచ్చినారు. ఒక శాస్త్రము మరియొక శాస్త్రమును ఇంటికి పిలిచిన విధము ఇది.

మూడవ వ్యక్తి విధివశమున వచ్చినారు. ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ లెవీ జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున బీజగణితవేత్త. మొదటి ప్రపంచయుద్ధమున జర్మన్ సైన్యములో పనిచేసినవారు. యూదు కుటుంబమున జన్మించినందున 1935లో నాజీ ప్రభుత్వము ఆయన ఉద్యోగమును తొలగించినది. ఆ సంవత్సరమే కలకత్తాలో హార్డింజ్ ఆచార్యుడు గణేశ్ ప్రసాద్ కాలధర్మము చెందగా ఆ పీఠము ఖాళీ అయినది. కలకత్తా విశ్వవిద్యాలయము లెవీని పిలిచి ఆ పీఠము మీద కూర్చుండబెట్టినది. స్వదేశమున నిలువ నీడ లేని పండితునికి, స్వాతంత్ర్యము లేని దేశపు విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చినది. 1948 వరకు ఆయన ఆ పీఠమున ఉన్నారు. ఐరోపాలో ఎమ్మీ నోథర్, ఆర్టిన్ ప్రభృతులు రూపొందించిన అమూర్త బీజగణితము ఆయన వెంట కలకత్తా చేరినది. ఆయన గోష్ఠులలో పరిమిత క్షేత్రములను గూర్చి, పరిమిత రేఖాగణితమును గూర్చి చర్చ సాగినది. శ్రోతలలో బోస్ ఉండిరి. ఈ విషయము మీద లెవీ 1940లో చేసిన ఉపన్యాసములను విశ్వవిద్యాలయము 1942లో గ్రంథముగ ప్రకటించినది. అందలి ఒక చిత్రరచనకు ఈనాటికిని లెవీ గ్రాఫు అని పేరు.

ఇక వరిపొలము కథ. రెండు రకముల వరిలో ఏది మేలో తెలియుటకు రెండింటిని ప్రక్కప్రక్కన నాటి దిగుబడి తూచినచో చాలునని తోచును. కాని ఒక మడి పల్లము, ఒకటి మెరక. ఒక మూల నీరు నిలుచును, మరియొక మూల చౌడు. ఏ రకము మేలో, ఏ నేల మేలో విడదీయుట ఎట్లు? ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున రొనాల్డ్ ఫిషర్ ఈ ప్రశ్నకు సమాధానము వెదకినాడు. ఐదు రకములైనచో పొలమును అడ్డముగ ఐదు, నిలువుగ ఐదు భాగములు చేసి, ప్రతి అడ్డువరుసలోను ప్రతి నిలువువరుసలోను ప్రతి రకము ఒక్కమారే వచ్చునట్లు నాటవలెను. అప్పుడు నేలలోని హెచ్చుతగ్గులు అన్ని రకములకును సమముగ సోకును. దీనికి లాటిన్ చదరమని పేరు. రకములతో బాటు ఐదు ఎరువులను గూడ పరీక్షింపదలచినచో మరియొక చదరమును మొదటిదాని మీద పరచి, ప్రతి రకమును ప్రతి ఎరువును సరిగా ఒక్కమారే కలియునట్లు చూడవలెను.

ఈ రెండవ సమస్య క్రొత్తది కాదు. ఆరు దళముల నుండి ఆరు హోదాల వారిని ముప్పదియార్గురు అధికారులను ఇట్లు చదరముగ నిలుపుట సాధ్యమా అని 1782లో ఆయిలర్ ప్రశ్నించి, సాధ్యము కాదనినాడు. ఆరు, పది, పదునాలుగు, పదునెనిమిది మొదలగు, నాలుగుచేత భాగింపగా రెండు మిగులు సంఖ్యలకు వేనికిని అది సాధ్యము కాదని ఊహించినాడు. ఆరు విషయములో అతడు చెప్పినది నిజమని 1900 ప్రాంతమున గాస్టన్ టారీ అన్ని విధములను పరీక్షించి తేల్చినాడు. తక్కినవి తేలలేదు.

1937-38 శీతకాలములో ఫిషర్ కలకత్తా వచ్చి, 1938 జనవరిలో జరిగిన మొదటి భారత గణాంకశాస్త్ర సమావేశమునకు అధ్యక్షత వహించినాడు. అతని వద్ద ఒక ఊహ ఉండెను. ప్రధానసంఖ్యలకు, వాని ఘాతములకు పరస్పరము ఇట్లు కలియు చదరములు పూర్తి సంఖ్యలో, అనగా నాలుగు గడుల చదరములు మూడు, ఐదు గడులవి నాలుగు, తొమ్మిది గడులవి ఎనిమిది దొరకునని తలచినాడు. నిరూపణ లేదు. లెవీ గోష్ఠిలో కూర్చున్న బోసుకు ఆ సంఖ్యల పట్టికను చూడగనే పాత పరిచయము స్ఫురించుటలో ఆశ్చర్యము లేదు. గాల్వా క్షేత్రములు గల సంఖ్యలు ఇవియే కదా! 1938లో సంస్థ పత్రిక సాంఖ్యలో ఆయన ప్రకటించిన వ్యాసము, గాల్వా క్షేత్రముల కూడిక గుణకారముల నుండి ఆ చదరములన్నిటిని వరుసగ వ్రాసికొనుటకు మార్గము చూపినది. డబ్ల్యు. ఎల్. స్టీవెన్స్ అను ఆంగ్లేయుడు అదే కాలమున స్వతంత్రముగ ఈ ఫలితమును చేరినాడు.

ఇందు గమనింపదగిన విషయమొకటి ఉన్నది. ఇదే సత్యమును వేరు వేషములో మూర్ 1896లోనే వ్రాసి ఉంచినాడు. నలుబది సంవత్సరములు అది గ్రంథాలయములలో నిద్రించినది. పొలములో పనిచేయువారికి మూర్ తెలియడు. మూర్ గణితము తెలిసినవారికి పొలము తెలియదు. సత్యము పుట్టుట ఒకటి, దానికి తగిన ప్రశ్న ఎదురగుట మరియొకటి. కలకత్తాలో రెండును ఒకే ఊరిలో, కొన్ని వీధుల దూరములో ఉన్నవి. వాని నడుమ నడచిన మనుష్యుడు గూడ ఒకడున్నాడు.

1939లో బోస్ వ్రాసిన వ్యాసము మరింత దూరము పోయినది. అన్ని రకములను ఒక్క మడిలో నాటుటకు స్థలము చాలనపుడు, కొన్నికొన్నిటిని వేర్వేరు మళ్ళలో నాటి, ప్రతి జంటయు సమానముగ పోల్చబడునట్లు చేయుట సమస్య. ఫిషర్, యేట్స్ ఇట్టి రచనలకు పట్టికలు సిద్ధము చేయుచు, కొన్నిటిని సాధించి, కొన్ని చోట్ల ఖాళీలు విడిచినారు. బోస్ పరిమిత రేఖాగణితమును ఆధారముగ తీసికొని ఒక సాధారణమార్గమును చూపినారు. దీనిని మన గణములతోనే చూడవచ్చును. ఏడు రకముల వరికి మగణము తప్ప తక్కిన ఏడు గణముల పేర్లు పెట్టుదము. మడికి మూడు రకములే పట్టును, మళ్ళు ఏడు. పైని చెప్పిన కూడిక ప్రకారము ఏ రెండు గణములను కూడినను మూడవదొకటి వచ్చును. భగణము గలల, జగణము లగల. అక్షరమునకు అక్షరము కూడగా లలగ, అనగా సగణము. కావున భ, జ, స ఒక మడి. ఇట్లే య, ర, స. య, త, జ. ర, త, భ. య, భ, న. ర, జ, న. త, స, న. ఏడు మళ్ళు ముగిసినవి. ప్రతి రకమును మూడేసి మళ్ళలో ఉన్నది. ఏ రెండు రకములను తీసికొన్నను అవి కలిసి ఉన్న మడి ఒకటే, ఒక్కటే. ఇదియే ఏడు బిందువులు, ఏడు రేఖలు గల రేఖాగణితము. కాగితము మీద సరళరేఖలతో గీయరాని ఆ చిత్రము, బురదలో నాట్లు వేయుటకు పనికివచ్చినది.

1941 జనవరి 1న ఆ సంస్థలో శిక్షణకు చేరిన తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబరు 10న, అప్పటి మద్రాసు రాష్ట్రమందలి హడగలిలో జన్మించినారు. ఎనిమిదవ సంతానమగుటచే కృష్ణుని పేరు పెట్టినారు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి యగుటచే గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదువు సాగినది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మను ఆయన జీవితాంతము స్మరించినారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం. ఏ. ముగించిన పిమ్మట, యుద్ధకాలపు సైనిక సర్వే శాఖలో ఉద్యోగమునకై కలకత్తా వెళ్ళినారు. ఆ ఉద్యోగము దొరకలేదు. కాని ఆ నగరమున గణాంకశాస్త్రము నేర్పు సంస్థ ఒకటి ఉన్నదని విన్నారు. కలకత్తా విశ్వవిద్యాలయము అప్పుడే ప్రారంభించిన గణాంకశాస్త్రపు ఎం. ఏ. తరగతిలో 1943లో ప్రథమస్థానము పొందినారు.

రావు ప్రథమవ్యాసములు కొన్ని ఈ పరిమిత క్షేత్రముల మీదనే. 1944లో బోస్, సర్వదమన్ చౌలా, రావు కలిసి గాల్వా క్షేత్రముల నిర్మాణమునకు ఉపకరించు సంఖ్యాశాస్త్ర వ్యాసమును కలకత్తా గణిత సంఘపు పత్రికలో ప్రకటించినారు. చౌలా అంతకు పూర్వము కొన్ని సంవత్సరములు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితాచార్యులుగ ఉన్నవారు. 1946, 1947 సంవత్సరములలో రావు ఒంటరిగ వ్రాసిన వ్యాసములలో, తరువాత ఆర్తోగొనల్ ఎర్రేలని ప్రసిద్ధి పొందిన సమవ్యూహములు వెలసినవి.

ఈ సమవ్యూహమును గూడ గణములే చెప్పగలవు. ఒక రైతు మూడు విషయములను పరీక్షింపదలచినాడు: ఎరువు వేయుటయా మానుటయా, నీరు ఎక్కువయా తక్కువయా, నాటు దగ్గరయా దూరమా. గణములోని మూడు స్థానములు ఈ మూడు విషయములు. గురులఘువులు వాని రెండేసి పద్ధతులు. అన్ని విధములను చూచుటకు ఎనిమిది గణములు, ఎనిమిది మళ్ళు కావలెను. నాలుగు మళ్ళే ఉన్నచో? మ, భ, జ, స గణములను మాత్రము తీసికొని చూడుడు: గగగ, గలల, లగల, లలగ. ఏ రెండు స్థానములను ఎంచుకొన్నను గగ, గల, లగ, లల అను నాలుగును ఒక్కొక్కమారు వచ్చుచున్నవి. ఎరువు వేసిన రెండు మళ్ళలో ఒకటి నీరు ఎక్కువది, ఒకటి తక్కువది. ఒకటి దగ్గరనాటు, ఒకటి దూరపునాటు. కావున ఎరువు ఫలితమును నీటి ఫలితము మరుగుపరచదు. సగము నేలతో పని ముగిసినది. ఎరువు ఫలితము నీటినిబట్టి మారునట్టిదైనచో ఈ నాలుగు మళ్ళే చాలవు. అప్పుడు మరింత బలమైన వ్యూహము కావలెను. ఆ బలమునకు కొలత ఏర్పరచి, ఎన్ని మళ్ళలో ఎన్ని విషయములను ఇముడ్పవచ్చునో హద్దు నిర్ణయించుట రావు సాధించిన పని. ఆ హద్దునకు ఆయన పేరే నిలిచినది. ఈ వ్యూహములను జపాను కర్మాగారములలో ప్రచారము చేసిన గెనిచి తగుచి 1954-55లో ఈ కలకత్తా సంస్థకే వచ్చి పనిచేసినాడు.

ఈ కథను ఇంతటితో ఆపినచో విజయగాథ వలె తోచును. కాని రావు ప్రథమస్థానము పొందిన 1943 వంగదేశమున మహాక్షామము సంభవించిన సంవత్సరము. లక్షలాది ప్రజలు ఆకలికి, రోగములకు బలియైనారు. అన్నార్తులు కలకత్తా వీధుల ప్రక్కలనే ప్రాణములు విడిచినారు. వరిపొలములను గూర్చి లోకములోనే అత్యుత్తమమైన గణితము వెలయుచున్న నగరమిది. ఆ గణితము ఒక్క ప్రాణమునైన ఆనాడు కాపాడలేదు. కారణము స్పష్టము. యుద్ధము, ధరల పెరుగుదల, ధాన్యము కదలికల మీది ఆంక్షలు, పాలకుల ఉపేక్ష కూడి తెచ్చిన విపత్తునకు నాట్ల వరుస మందు కాదు. మహలనోబిస్, సహోద్యోగులు క్షామానంతరము ఊరూర విచారణ జరిపి, ఎవరు నేల కోల్పోయినారో, ఎవరు పశువులను అమ్ముకొన్నారో లెక్కగట్టి 1946లో ప్రకటించినారు. గణితము ఉపయోగపడుననుటకును ఉపకరించుననుటకును భేదమున్నది. ఉపయోగము శాస్త్రము చేతిలో ఉన్నది. ఉపకారము దానిని పట్టిన రాజ్యము చేతిలో ఉన్నది. అమూర్తగణితమును ఉపయోగము పేర మెచ్చుకొనువారు ఈ భేదమును మరువరాదు.

1945 తరువాత బోస్ కలకత్తా విశ్వవిద్యాలయపు గణాంకశాస్త్ర శాఖకు అధ్యక్షులైనారు. కార్యాలయపు పనులు పరిశోధనకు అడ్డు వచ్చునని భావించి 1949లో అమెరికాలోని చాపెల్‌హిల్‌కు వెళ్ళిపోయినారు. అక్కడ ఆయన వద్ద చదివిన శరచ్చంద్ర శ్రీఖండేతో కలిసి ఆయిలర్ ప్రశ్నను మరల చేపట్టినారు. పొలములకు దీనితో పని లేదు. పది గడుల జంట చదరము లేకున్నచో ఏ వ్యవసాయ పరిశోధకుడును నష్టపోడు. తొమ్మిదితోనో పదకొండుతోనో సరిపెట్టుకొనును. 1959లో బోస్, శ్రీఖండే ఇరువదిరెండు గడులకు జంట చదరమును నిర్మించినారు, ఇ. టి. పార్కర్ పదింటికి నిర్మించినాడు. ముగ్గురును కలిసి రెండు, ఆరు తప్ప తక్కిన సంఖ్యలన్నిటి విషయములోను ఆయిలర్ ఊహ తప్పని తేల్చినారు. 1959 ఏప్రిల్ 26న న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పుటలో ఈ వార్త వెలువడినది. ఇందు వింత ఏమనగా, వరిమళ్ళ కొరకు అభివృద్ధి చేసిన సాధనములే, ఆ ఖండరచనలే, ఆ సమవ్యూహములే ఈ నిరూపణకు పనికివచ్చినవి. శుద్ధగణితము పొలమునకు అప్పిచ్చినది. పొలము వడ్డీతో తీర్చినది.

మరుసటి సంవత్సరము, 1960లో, బోస్, వంగీయుడే అయిన ద్విజేంద్రకుమార్ రాయ్‌చౌదరి కలిసి గాల్వా క్షేత్రములతో వార్తలలోని దోషములను సవరించు సంకేతములను కనుగొన్నారు. ఫ్రాన్సులో హోక్వెంగెమ్ 1959లోనే స్వతంత్రముగ కనుగొన్నందున ఇవి మువ్వురి పేరను వ్యవహారములో ఉన్నవి. ఈనాడు కూరగాయల బండి మీద అంటించిన నలుపు తెలుపుల చెల్లింపు చదరము కొంత చెరిగినను, మాసినను ఫోను దానిని చదువగలుగుచున్నది. అది గాల్వా క్షేత్రముల గణితము మహిమ. ఆ చదరములోని ఒక చిన్న భాగమున ఈ సంకేతమే పనిచేయుచున్నది. ఆరు గడుల చదరము సాధ్యము కాదన్న ఆయిలర్ మాట నిలిచినది గదా అని ఊరకుండక, మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులును పోలండు పరిశోధకులును కలిసి 2022లో క్వాంటమ్ నియమములతో ఆ ముప్పదియార్గురు అధికారులకు ఒక విధమైన పరిష్కారమును ప్రకటించినారు. ఏ ప్రశ్న ఎప్పుడు ముగియునో చెప్పుట కష్టము.

కలకత్తా సంస్థలోను ఈ ఉభయదృష్టి నిలిచినది. 1950లు, 60లలో రావు పర్యవేక్షణలో పరిశోధన చేసిన యువకులలో వరదరాజన్, పార్థసారథి, వరదన్‌లతో బాటు ఆర్. రంగారావు ఒకరు. లెక్కలు కట్టుటకు వెలసిన సంస్థలో కూర్చుండి, వీరు సంభావ్యతాశాస్త్రమును సమూహముల మీదికి, అమూర్త ప్రదేశముల మీదికి కొనిపోయినారు. ఇందు వలన జనపనార దిగుబడి అంచనాకు లాభమేమని అడిగి వీరిని నివారింపలేదు. 1962లో రష్యా గణితాచార్యుడు కొల్మొగోరొవ్ ఆ సంస్థను దర్శించి, ఈ యువకుల పనిని శ్రద్ధతో విన్నాడు. వరదన్ 2007లో ఏబెల్ బహుమానమును పొందినారు. 1972లో మహలనోబిస్ మరణానంతరము సంస్థ బాధ్యతను వహించిన రావు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును పొంది, ఆ సంవత్సరమే ఆగస్టు 22న అమెరికాలోని బఫలోలో నూటరెండేండ్ల ప్రాయమున పరమపదించినారు.

గణితమును ఛందస్సుతో పోల్చుట తెలుగువారికి అలవాటైన విషయమే. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన పద్యములలో తెలుగు చేసినాడు. ప్రస్తారవిధిని మొదట వ్రాసిన ఛాందసుడు ఎనిమిది గణములను వరుసగ నిలుపునపుడు వరినాట్లను తలచి ఉండడు. గాల్వాయు తలచలేదు. లెవీ ప్రాణభయముతో దేశము విడుచునపుడు తన వెంట వచ్చు విద్య వంగదేశపు మళ్ళలో మొలకెత్తునని ఎరుగడు. ఉపయోగమును ముందుగ వాగ్దానము చేయుమని వారిని నిర్బంధించి ఉన్నచో ఒక్కరును చేయజాలరు. నిరుపయోగమే గొప్పదని శపథము చేయించినను అది అసత్యమై పోయెడిది.

కనుక అమూర్తశాస్త్రమును పరిశోధకులు ఎట్లు భావింపవలెనను ప్రశ్నకు కలకత్తా ఇచ్చిన సమాధానము వాదములో లేదు, వ్యవహారములో ఉన్నది. గణాంకవేత్త రేఖాగణితజ్ఞుని పిలిచినాడు. విశ్వవిద్యాలయము ప్రవాసికి పీఠమిచ్చినది. ఉద్యోగము దొరకని ఆంధ్రయువకునికి సంస్థ తలుపు తెరచినది. బీజగణితగోష్ఠిలో కూర్చున్నవాడు పొలము సంగతి వినుటకు సిగ్గుపడలేదు. పొలము సంగతి తీరిన పిదప ఆయిలర్ వద్దకు మరలి పోవుటకును సిగ్గుపడలేదు. ఎప్పటి పంటకో తెలియని విత్తనమును దాచుట, దాచినవాడు ఆకలితో ఉన్నపుడు కష్టము. అయినను ప్రతి రైతు ఇంటను విత్తనపు గాదె వేరుగ ఉండును.